తొమ్మిదో రోలు

ఏప్రిల్ 6

ఒరేయ్ సోడాబుడ్డీ,

నేను క్షేమమని ముందే రాసేస్తున్నాను. లేకపోతే మీ నాన్న ఆ ఒక్క మాట కోసం మూడు పేజీలూ తిరగేసి, మిగతాది చదవకుండానే నీ చేతిలో పెడతాడు. తమ్ముడూ, నేను బాగున్నాను. ఇక నువ్వెళ్లి పేపరు చదువుకో.

ఇప్పుడు మన సంగతి. వ్యాను బ్రహ్మాండంగా నడుస్తోంది. ఆరు రోజుల్లో నాలుగు వందల కిలోమీటర్లు వచ్చాను. అంతేనా అనకు. ముప్ఫై ఎనిమిదేళ్లు ఒకే వీధిలో, ఒకే స్టూడియోలో, ఒకే స్టూలు ముందు నిలబడి "గడ్డం కాస్త ఎత్తండి, కళ్లు మూయకండి" అన్నదాన్ని. అరవై రెండేళ్లకి నాకు ఎక్కడ ఆగాలనిపిస్తే అక్కడ ఆగే యోగం పట్టింది. నిన్న ఒక మలుపు దగ్గర గడ్డి మీద వెలుతురు బాగుందని ఆగాను. కెమెరా స్టాండు దింపేలోపు మబ్బు పట్టింది. నవ్వొచ్చింది. స్టూడియోలో అయితే దీపాలు నేను చెప్పినట్టు వినేవి.

ఒక్కటే చిక్కు. ఈ వ్యాను అమ్మినవాడు లోపలంతా రంగు వేయించాడు గానీ, బయట పెద్దక్షరాలతో ఉన్న "తాజా రొట్టెలు" అలాగే వదిలేశాడు. పరుపు వేసుకుని పడుకుంటే కలలో కూడా బేకరీ వాసనే. ఎక్కడ ఆగినా ఎవరో ఒకరు చేతిసంచితో వచ్చి నిలబడుతున్నారు. లేవంటే నమ్మరు. "దాచుకున్నారేమో, ఒక్కటివ్వండి" అని ఒకావిడ తలుపులోంచి తొంగి కూడా చూసింది.

రెండు ఫిల్ము రోళ్లు పంపుతున్నాను. డబ్బాల మీద ఒకటి, రెండు అని రాశాను. నువ్వే కడుగు. కలర్ ల్యాబు వాళ్ల చేతికి ఇచ్చావో, నేను తిరిగొచ్చాక నీ వీపు విమానం మోత మోగుతుంది. రోలంతా ఒక కాగితం మీద చిన్న చిన్న బొమ్మలుగా వేసి, కవరు వెనకాల రాసిన పోస్టాఫీసుకి పంపు. నేనెళ్లి అడిగేదాకా ఉంచుతారు.

మీ అత్త

ఏప్రిల్ 15

అత్తకి,

నాన్న నువ్వు చెప్పినట్టే చేశాడు. మొదటి పేరా చదివి, "దీని నోరు మాత్రం మారలేదు" అని పేపరు తీసుకున్నాడు. సాయంత్రం చూస్తే మ్యాపు ముందేసుకుని, నువ్వున్న ఊరి మీద పెన్సిలుతో చుక్క పెడుతున్నాడు.

రోళ్లు రెండూ చక్కగా వచ్చాయి. షీట్లు ఇందులో పెట్టాను. నా మాట అడక్కపోయినా చెప్పడం నాకు నువ్వు నేర్పిన జబ్బే కాబట్టి చెబుతున్నాను. కొండలు, గడ్డి, ఖాళీ రోడ్డు, ఒక గేటు, మళ్లీ కొండలు. డెబ్బై రెండు ఫొటోల్లో ఒక్క మనిషి లేడు. బాగా లేవని కాదు. బ్యాంకు వాళ్లిచ్చే క్యాలెండర్‌లా ఉన్నాయి.

ఒంటరిగా అనిపిస్తోందా అత్తా? అలా అనిపిస్తే మొహమాటపడకుండా వచ్చేయి. నీ స్టూలు ఎక్కడికీ పోలేదు.

నిన్న మన పళ్ల డాక్టరు వచ్చాడు, పాస్‌పోర్టు ఫొటోకి. తీసి ఇచ్చాను. చాలాసేపు చూసుకుని, "పెద్దావిడ తీస్తే నాకు ఇంకొంచెం జుట్టుండేది" అన్నాడు. అదెలా చేసేదానివో ఆ రహస్యం నాకు చెప్పకుండానే వెళ్లిపోయావు.

నీ మేనల్లుడు

ఏప్రిల్ 24

శ్రీయుత స్టూడియో యజమాని గారికి,

క్యాలెండర్ అన్నావు. ఆ మాట మీద కోపంతో నాలుగు రోజులు ఎక్కడా ఆగకుండా బండి నడిపాను. కోపం తగ్గేసరికి చూస్తే మ్యాపులో ఒక మడత దాటేశాను.

స్టూలు పోలేదన్నావు చూడు, అది ఇంకా బాగుంది. అంటే నెల తిరక్కుండా తోక ముడుచుకుని వచ్చేస్తానని మీ ఇద్దరి లెక్క అన్నమాట. ఒంటరితనం కాదురా అబ్బాయ్. మొహాలంటే మొహం మొత్తింది. వాళ్లు అద్దం ముందు నేర్చుకొచ్చిన నవ్వు నా ముందు పెట్టేవాళ్లు, నేను నొక్కేదాన్ని. ముప్ఫై ఎనిమిదేళ్లు అదే. కొండ అయితే నవ్వు పెట్టదు కదా అని కొండల్ని తీశాను.

సరే, తర్వాత జరిగింది విను. మొన్న వాన వెలిశాక ఒక చిన్న ఊరి చివర ఆగాను. టీ పెట్టుకుందామని వెనక్కి వంగితే మోచెయ్యి హారన్‌కి తగిలింది. అంతే. ఇళ్లలోంచి జనం వచ్చి వ్యాను వెనకాల వరస కట్టారు. చేతిసంచితో ఒక పెద్దాయన, ఒక కాలికి చెప్పు వేసుకుని రెండోది వేసుకోకుండానే పరిగెత్తుకొచ్చిన ఒకావిడ, సబ్బు నురగ సగం గడ్డం మీదే ఉన్న ఒకాయన. ఎవరూ నన్ను చూడ్డం లేదు. అందరి కళ్లూ వ్యాను తలుపు మీదే. చేతిలో కెమెరా ఉంది. వాళ్లకి అదేమీ పట్టలేదు. వాళ్లకి కావలసింది రొట్టె.

నా జన్మలో మొదటిసారి, ఎవరికీ గడ్డం ఎత్తమని చెప్పకుండా ఫొటో తీశాను.

తర్వాత సిగ్గేసింది. పక్క ఊళ్లో బేకరీకి వెళ్లి ముప్ఫై రొట్టెలు వేయించుకుని వచ్చి అందరికీ ఇచ్చాను. ఇప్పుడు రోజూ అదే పని. పొద్దున్నే ఏదో ఒక బేకరీ ముందు ఆగుతాను, కొన్న ధరకే అమ్ముతాను. ఫొటోగ్రాఫర్‌గా బయల్దేరి రొట్టెలమ్మినయ్యాను. మూడు నుంచి ఆరు దాకా నాలుగు రోళ్లు పెట్టాను. క్యాలెండర్‌లో పట్టవేమో చూడు.

నా డార్క్‌రూమ్‌లో ఎక్కడివక్కడే ఉన్నాయి కదా? ఏదీ కదపకు.

రొట్టెలమ్మి

మే 5

అత్తకి,

ఓడిపోయాను. చెంపలేసుకున్నాను. నాన్న సాక్షి.

ఆ పెద్దాయన ఫొటో ఉంది చూడు, మూడో రోల్లో. ముందు నలుగురు నిలబడి ఉన్నా, తన వంతు వచ్చేసినట్టే రెండు చేతులతో సంచి నోరు తెరిచి పట్టుకున్నాడు. ఆయన మొహంలో రొట్టె కనిపిస్తోంది అత్తా. రొట్టె ఫొటోలో ఎక్కడా లేదు, అయినా కనిపిస్తోంది. దాన్ని పెద్దది చేసి, కిటికీలో పెళ్లికూతురి ఫొటో తీసేసి అక్కడ పెట్టాను. దారిన పోయేవాళ్లు ఆగుతున్నారు. "ఈయన ఎవరు, మీ చుట్టమా?" అని అడుగుతున్నారు. ఎదురు టైలరు అయితే, "ఈయన్ని ఎక్కడో చూశానండీ" అని రోజూ వచ్చి నిలబడతాడు.

ఒంటరితనం అని నోరు జారాను. అది నా బాధ, నీ మీద పెట్టాను. షట్టరు ఎత్తగానే పక్కన నీ దగ్గు వినపడకపోతే షాపు ఏదోలా ఉంటుంది.

డార్క్‌రూమ్ శుభ్రంగా ఉంది. బెంగపెట్టుకోకు.

నీ మేనల్లుడు

మే 17

ఒరేయ్ కన్నా,

ఈ ఉత్తరం పడవలో కూర్చుని రాస్తున్నాను. అక్షరాలు ఊగితే నది తప్పు.

ఇక్కడ నదికి వంతెన లేదు. ఒడ్డు నుంచి ఒడ్డుకి ఇనపతాడు కట్టారు. ఆ తాడు పట్టుకుని పెద్ద బల్లపరుపు పడవని లాక్కుంటూ అవతలికి చేరుస్తారు. రెండు బళ్లు, ఇరవై మంది మనుషులు పడతారు. లాగేది ఒక్క ఆడమనిషి. డెబ్బై నాలుగేళ్లు. నలభై ఒక్క ఏళ్లుగా లాగుతోంది. ఆవిడ అరచేతులు చూశాను, చెప్పు అడుగున తోలులా ఉన్నాయి.

"రొట్టెలమ్మా, ఈ ఒడ్డుకా, ఆ ఒడ్డుకా?" అని అడిగింది.

"రెండూ కాదు, నీతోనే ఉంటాను" అన్నాను.

"అయితే ఆ తాడు వెనక కొస పట్టుకో. ఊరికే కూర్చునేవాళ్లకి ఇక్కడ చోటు లేదు" అంది.

రోజంతా అటూ ఇటూ పదకొండు సార్లు తిరిగాను. కాసేపు తాడు, కాసేపు కెమెరా. వచ్చే సోమవారం నుంచి పక్కనే కట్టిన కొత్త వంతెన తెరుస్తారట. పడవకి ఇదే ఆఖరి వారం. ఆవిడ దాని గురించి ఒక్క మాట మాట్లాడలేదు. సాయంత్రం చివరి బండి దిగిపోయాక మాత్రం తాడు వదిలేసి, చేతులు వెనక్కి పెట్టుకుని, వంతెన వంక చూసింది. కొత్తగా వచ్చిన కోడల్ని అత్తగారు చూస్తారే, అలా. కోపం లేదు, కొలత ఉంది. నొక్కాను. రోల్లో అదే ముప్ఫై ఆరోది.

నా నోటితో నేను చెప్పుకోకూడదు గానీ, నేనీ పని నేర్చుకున్నది ఈ రోజు కోసమేనేమో అనిపించింది. తొమ్మిదో రోలు. ఏడు, ఎనిమిది మామూలువే, తీరిగ్గా కడుగు. తొమ్మిదోది ముందు కడుగు.

మీ అత్త

మే 26

అత్తకి,

ఏడు, ఎనిమిది బాగున్నాయి. షీట్లు పెట్టాను.

తొమ్మిదోది ఖాళీగా వచ్చింది. మొదటి నుంచి చివరి దాకా ఏమీ పడలేదు. ఫిల్ము లోపల చక్రానికి సరిగ్గా చిక్కుకోలేదేమో, లేక షట్టరు తెరుచుకోలేదేమో. కెమెరా పాతదైంది కదా. బాధపడకు.

ఇక్కడ అందరూ క్షేమం.

నీ మేనల్లుడు

జూన్ 2

ఒరేయ్,

అంచు చూశావా? కంపెనీవాడు ఫిల్ము అంచున వేసే అంకెలు ఉన్నాయా, లేవా? ఆ అంకెలు కెమెరాతో సంబంధం లేకుండా, కడిగేటప్పుడు వాటంతటవే తేలతాయి. అంకెలుండి ఫొటోలు లేకపోతే తప్పు నాది, లేదా కెమెరాది. అంకెలు కూడా లేకపోతే తప్పు కడగడంలో. వెంటనే రాయి.

అత్త

జూన్ 9

అత్తకి,

అంకెలు ఉన్నాయి.

దాని గురించి ఎక్కువ ఆలోచించకు. ఎవరికైనా జరుగుతుంది. వయసులో ఉన్నవాళ్లకి కూడా జరుగుతుంది. కాస్త విశ్రాంతి తీసుకో. ఎండలో ఎక్కువ నడపకు. వేళకి తిను. కావాలంటే నేను బస్సెక్కి వచ్చి కొన్నాళ్లు నీతో ఉంటాను. స్టూడియో మూసినా కొంపలేమీ మునగవు.

నీ మేనల్లుడు

జూన్ 18

చిరంజీవికి,

నీ ఉత్తరం నాలుగు సార్లు చదివాను. నువ్వింత మర్యాదగా ఎప్పుడూ రాయలేదు. వేళకి తినమని నాకు చెబుతున్నావంటే, నా గురించి నువ్వు ఏమనుకుంటున్నావో తెలుస్తూనే ఉంది. దాచక్కర్లేదు.

ఈ ఊళ్లో గడియారాలూ కెమెరాలూ బాగుచేసే ఒకాయన ఉన్నాడు. అద్దాల మీద అద్దాలు పెట్టుకుని, నా కెమెరాని స్క్రూ స్క్రూ విప్పి చూశాడు. "అమ్మా, ఇది నాకంటే ఆరోగ్యంగా ఉంది" అన్నాడు. షట్టరు వెయ్యిసార్లు నొక్కినా వెయ్యిసార్లూ తెరుచుకుంటుందట. కెమెరాలో తప్పు లేకపోతే ఇంకెవరిలో ఉన్నట్టు?

ఫిల్ము ఎక్కించేటప్పుడు చక్రం తిరుగుతోందో లేదో చూడ్డం నాకు ఊపిరి తీసుకోవడం లాంటిది. ఆ రోజు చూశానా? ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు. మా అమ్మకి అరవై నాలుగేళ్లకి మొదలైంది. ముందు తాళాలు, తర్వాత వీధులు, ఆఖరికి మా పేర్లు. నీకు తెలియదు, నువ్వు అప్పటికి నడక నేర్చుకుంటున్నావు. ఇప్పుడు పొద్దున లేవగానే నిన్న ఆగిన ఊళ్లన్నీ వరసగా చెప్పుకుంటున్నాను. మొన్న ఒక దాని పేరు మధ్యాహ్నం దాకా తట్టలేదు.

మూడు వారాలైంది, ఒక్క ఫొటో తీయలేదు. రేపు ఇంకెవరినో నిలబెట్టి, వాళ్ల రోజంతా తీసుకుని, మళ్లీ ఖాళీ ఫిల్ము మిగిలితే? పోస్టాఫీసు పక్కన ఒక బేకరీ ఆయన వ్యాను చూసి ముచ్చటపడ్డాడు. పేరు కూడా రాయించక్కర్లేదు కదా అన్నాడు. వచ్చే వారం ఇచ్చేసి బస్సులో వచ్చేస్తాను. మీ నాన్నకి చెప్పు, సంతోషిస్తాడు.

నువ్వు రానక్కర్లేదు. నేను బస్సు ఎక్కగలను. ఇంకా ఆ మాత్రం తెలుసు.

మీ అత్త

జూన్ 24

అత్తా,

వ్యాను అమ్మకు. ముందు ఆ మాట. అమ్మకు, అమ్మకు, అమ్మకు.

అంకెలు లేవు. ఒక్కటి కూడా లేదు. నీకు అబద్ధం రాశాను. ఒకసారి కాదు, రెండుసార్లు.

జరిగింది చెబుతాను. నువ్వెళ్లిన రెండో వారంలోనే డార్క్‌రూమ్ బల్లకి రంగు వేయించాను, అలమర గోడ అవతలి వైపుకి మార్చాను. ఎప్పటి నుంచో నా ఎడమ చేతి వాటానికి తగ్గట్టు పెట్టుకోవాలని కోరిక. నువ్వు ఏదీ కదపకని రాసేసరికి, అప్పటికే కదిపేశాను కాబట్టి చెప్పలేకపోయాను. తొమ్మిదో రోలు వచ్చిన రోజు నీ ఉత్తరం చదివి, ఆత్రం ఆగక, షాపు తలుపు కూడా వేయకుండా లోపలికి దూరాను. చెయ్యి పాత అలవాటు ప్రకారం సీసా అందుకుంది. అక్కడ ఉన్నది బొమ్మ తేల్చే డెవలపర్ కాదు, తేలని మందునంతా కరిగించేసే హైపో. బొమ్మ తేలక ముందే హైపో పోస్తే ఏమవుతుందో నాకు నేర్పింది నువ్వే. మూత తీసేసరికి ఫిల్ము గాజులా ఉంది. అవతల పక్క గోడ కనిపించింది అందులోంచి.

ఆవిడ వంతెన వంక చూసిన ఫొటో నేను చూడకుండానే చంపేశాను. నిజం రాద్దామనే కూర్చున్నాను. కలం "కెమెరా పాతదైంది కదా" అని రాసింది. కెమెరా మీద పడితే ఎవరికీ నొప్పి ఉండదనుకున్నాను. నువ్వు అంకెల గురించి అడిగావు. సరిగ్గా తలుపు దగ్గరికే వచ్చి కొట్టావు. నేను లోపల్నుంచి గడియ పెట్టాను. అది చెయ్యి పొరపాటు కాదు, నా పిరికితనం. ఇక నాకు రోళ్లు పంపవేమోనని భయం.

నానమ్మ గురించి నువ్వు రాసింది చదివాక అన్నం సహించలేదు. నాన్నకి చెప్పాను. ఆయన అరవలేదు. "నీ చేత్తోనే రాయి, ఇప్పుడే రాయి" అని పక్కన కూర్చున్నాడు.

నీకు మతిమరుపు లేదు. నీ చేతులకి ఏమీ కాలేదు. నువ్వు ఆ రోజు చక్రం చూసే ఉంటావు. ఆ ఖాళీ ఫిల్ము ఇందులో పెట్టాను, అంచులు నువ్వే చూసుకో. నువ్వు ఏ దారిన వస్తావో తెలియక ఇదే ఉత్తరం మూడు కాపీలు రాసి, మూడు పోస్టాఫీసులకి పంపుతున్నాను. ఫిల్మునీ మూడు ముక్కలు చేశాను.

క్షమించమని అడిగే మొహం లేదు. అయినా అడుగుతున్నాను. క్షమించు.

నీ మేనల్లుడు

జూలై 1

ఒరేయ్ దరిద్రుడా,

మూడు కాపీల్లో రెండు అందాయి. రెండోదాంట్లో "అమ్మకు" అనే మాట ఒకటి తగ్గింది. చెయ్యి నొప్పెట్టిందా?

పోస్టాఫీసు మెట్ల మీదే చదివాను. ఫిల్ము ముక్క ఎండలోకి ఎత్తి చూశాను. అంకె లేదు. గాజు. అంత అందమైన ఖాళీ నేనెప్పుడూ చూడలేదు. గట్టిగా నవ్వేశాను. స్టాంపులు అంటిస్తున్న ఒకాయన, "మంచి వార్తా అమ్మా?" అన్నాడు. "అవునండీ, మా మేనల్లుడు వట్టి వెధవ అని తేలింది" అన్నాను. ఆయనకి అర్థం కాకపోయినా సంతోషించాడు.

వెధవ్వి నువ్వు, నేను కాదు. ఈ ఏడాది ఇంతకంటే మంచి కబురు నాకు రాలేదు.

ఇప్పుడు తిట్లు. రోలు పోయినందుకు కాదు. చెయ్యి ఉన్నాక పొరపాటు ఉంటుంది. "అంకెలు ఉన్నాయి" అని రెండు మాటలు రాశావు చూడు, వాటికి. ఆ రెండు మాటలు పట్టుకుని నా బుర్రని నేనే తవ్వుకున్నాను. రాత్రి పడుకునే ముందు తాళాలు మూడుసార్లు లెక్కపెట్టుకున్నాను. ఇంకెప్పుడూ నా నొప్పి ఎంతో నువ్వు లెక్కగట్టకు. నిజం చెప్పు, నొప్పి నేను చూసుకుంటాను. ఈ విషయం ఇక్కడితో అయిపోయింది. మళ్లీ ఎత్తితే ఊరుకోను.

తప్పు కొంత నాదీ ఉంది. షాపు నీకిచ్చాను అన్నాను గానీ, సీసా కదపడానికి కూడా నువ్వు భయపడేలా ఇచ్చాను. అలమర నీ ఎడమ చేతికి ఎలా కావాలంటే అలా పెట్టుకో. గోడ పడగొట్టుకో. సీసాల మీద మాత్రం పేర్లు రాయి, ఇంతింత పెద్దక్షరాలతో.

బేకరీ ఆయన అప్పటికే ట్రేల కోసం వ్యాను లోపల కొలతలు తీసుకున్నాడు. అమ్మనంటే మొహం ముడుచుకున్నాడు. కారణం చెప్పాక ఆయనే ముప్ఫై రొట్టెలు ఎక్కించి, "ఆ పడవావిడ దగ్గరికి మళ్లీ వెళ్లండి" అన్నాడు.

వెళ్తున్నాను.

మీ అత్త

జూలై 10

కన్నా,

వంతెన మీదుగా రెండు నిమిషాల్లో నది దాటేశాను. దాటాక గుర్తొచ్చింది ఇదే నది అని. వెనక్కి తిప్పాను.

పడవని ఒడ్డు మీదకి లాగి బోర్లించారు. తాడు విప్పేశారు. నేను తీసిన రోజు మళ్లీ తీయడానికి అక్కడ ఏమీ మిగల్లేదు. ఆవిడ ఇల్లు వెతికి పట్టుకుని వెళ్లాను. గుమ్మంలో కూర్చుని చేతులకి నూనె రాసుకుంటోంది. "పని లేకపోతే మెత్తబడతాయనుకున్నాను, పగులుతున్నాయి" అంది.

ఫొటోలన్నీ పోయాయని చెప్పాను. ఎలా పోయాయో కూడా చెప్పాను, నిన్ను వెనకేసుకు రాలేదు. ఆవిడ, "నన్ను రోజంతా చూశావు కదా?" అంది. చూశానన్నాను. "మరి ఎక్కడికి పోయింది? నీ దగ్గరే ఉంది" అంది. అంతే, ఆ సంగతి వదిలేసింది. నాకే కళ్లలో నీళ్లు తిరిగాయి.

టీ తాగుతుంటే ఆవిడే అడిగింది, ఈ నది చివరికి ఎక్కడికి పోతుందని. సముద్రానికి అన్నాను. ఎంత దూరం అంది. నా లెక్కలో మూడు వందల కిలోమీటర్లు.

"నలభై ఒక్క ఏళ్లు దీనికి అడ్డంగా తిరిగాను రొట్టెలమ్మా. దీని వెంట ఒక్కరోజు కూడా పోలేదు."

ఆవిడే లేచి, లోపలికెళ్లి, ఒక దుప్పటీ రెండు చీరలూ మూట కట్టుకుని వచ్చింది. కూతురికి కబురు చెప్పమని పక్కింటివాళ్లకి కేకేసింది. వ్యానులో ముందు సీట్లో కూర్చుని, పట్టుకోవడానికి తాడు కోసం చేత్తో వెతికింది.

ఇప్పుడు రొట్టెలు ఆవిడే అమ్ముతోంది. నాకంటే గట్టిది. రెండు అడిగితే రెండే ఇస్తుంది, "వెనకాలవాళ్లకి మిగలాలి" అంటుంది. పది, పదకొండు, పన్నెండు రోళ్లు పెట్టాను. పన్నెండో రోల్లో కొన్ని ఆవిడ తీసింది. ఎలా నొక్కాలో అడిగింది, చెప్పాను. మిగతావి ఏమీ అడగలేదు, నేనూ చెప్పలేదు.

మీ అత్త

జూలై 20

అత్తకి, పడవ పెద్దమ్మకి,

మూడు రోళ్లూ కడిగాను. సీసాల పేర్లు నాన్న చేత రాయించాను. ఆయన అక్షరాలు వీధిలోంచి కూడా కనపడతాయి.

పదో రోల్లో పెద్దమ్మ వ్యాను కిటికీలోంచి నదిని చూస్తున్న వరస ఉంది కదా, ఆరు ఫొటోలు. మొదటి దాంట్లో నదిని చూస్తోంది. ఆరో దానికి వచ్చేసరికి నదితో మాట్లాడుతున్నట్టుంది. ఆ ఆరింటినీ పక్కపక్కన ఒకే కాగితం మీద వేసి పంపుతున్నాను. పోయినదానికి ఇవి బదులని అనను. ఇవి వేరే. తొమ్మిదో రోలు పోకపోతే మాత్రం ఇవి వచ్చేవి కావు. అలా అని నన్ను నేను వెనకేసుకు రావడం లేదు, చూసింది చెబుతున్నాను.

ఇక అసలు మాట. పన్నెండో రోల్లో అన్నిటికంటే మంచి ఫొటో నువ్వు తీసింది కాదు. ఇరవై మూడోది. నువ్వు రోడ్డు పక్కన స్టవ్వు ముందు వంగి, టీ పొంగుతుందేమోనని చూస్తున్నావు. తల పైన కొంచెం తెగింది. ఫ్రేము కొంచెం వంకర. చీర కొంగు బొడ్లో దోపుకున్నావు, జుట్టంతా మొహం మీద పడింది. అత్తా, నీ మొహం ఇలా ఉంటుందని నాకు తెలియదు. పుట్టినప్పటి నుంచి చూస్తున్నాను, తెలియదు. నాన్న దాన్ని చేతిలో పట్టుకుని, "పన్నెండేళ్లప్పుడు ఇలాగే ఉండేది" అన్నాడు. కళ్లజోడు తుడుచుకున్నాడు.

పెద్దమ్మని అడిగి చెప్పు, అది ఎలా తీసిందో.

మీ మేనల్లుడు

ఆగస్టు 2

ఒరేయ్ సోడాబుడ్డీ,

ఇరవై మూడో నంబరు ప్రింటు అందింది. నిజం చెప్పమంటే ముందు కుళ్లొచ్చింది. ముప్ఫై ఎనిమిదేళ్లు పనిచేసినదాన్ని, కెమెరా పట్టుకుని మూడు రోజులైన మనిషి చేతిలో ఓడిపోయాను. ఎలా తీశావని అడిగాను.

"ఏముంది, జనం ఎక్కేదాకా ఆగాలి. అందరూ ఎక్కాక వదలాలి. ఒకళ్లు ఒడ్డున ఉండగా పడవ తీస్తే మళ్లీ వెనక్కి రావాలి" అంది.

నీకు అర్థమైందా? నాకు రెండు రోజులు పట్టింది. మనిషి మొహంలోకి మనిషి పూర్తిగా ఎక్కేదాకా ఆగాలట. నేను జన్మంతా, ఒక కాలు ఇంకా ఒడ్డునే ఉండగా నొక్కేశాను. ఇప్పుడు ఆగడం నేర్చుకుంటున్నాను. రోజుకి ఐదారు ఫొటోలకంటే తీయడం లేదు. పదమూడో రోలు ఇంకా కెమెరాలోనే ఉంది. ఇంత నెమ్మదిగా, ఇంత సుఖంగా నేనెప్పుడూ పనిచేయలేదు.

నిన్న మధ్యాహ్నం సముద్రం చేరాం. నది అక్కడ వెడల్పయిపోయి, మట్టిరంగు నీళ్లతో వెళ్లి నీలంలో కలుస్తుంది. ఎక్కడ కలుస్తుందో గీత గీసినట్టు కనిపిస్తుంది. అక్క చెప్పులు విప్పి మోకాళ్ల లోతుకి వెళ్లి నిలబడింది. ఆవిడని ఇప్పుడు అక్కా అంటున్నాను, ఆవిడ మాత్రం రొట్టెలమ్మా అనడం మానలేదు. దోసిట్లో నీళ్లు తీసుకుని నోట్లో పోసుకుని, ఉప్పగా ఉన్నాయని ఉమ్మేసింది.

"అంతమందిని దాటించాను. వాళ్లకి ఎప్పుడూ తోడు ఎవరో ఒకరు ఉండేవాళ్లు. ఇది మాత్రం ఒక్కతే ఇంత దూరం వచ్చిందన్నమాట" అంది, నది వంక చూసి, పెళ్లయి వెళ్లిన కూతురి ఇల్లు చూసొచ్చినట్టు. చాలాసేపు అక్కడే నిలబడింది. నేను ఆగాను. బాగా ఆగాను. తర్వాత ఒక్కటంటే ఒక్కటి తీశాను.

ఈరోజు పొద్దున అసలు ప్రశ్న వచ్చింది. నది అయిపోయింది. ఇక ఎటు? సముద్రం ఒడ్డున రోడ్డు రెండుగా చీలుతుంది, కుడికొకటి, ఎడమకొకటి. వెనక్కి వెళ్లి ఇంటి దగ్గర దింపనా అని అడిగాను. తల అడ్డంగా ఊపింది. అయితే ఏ వైపైనా నాకు ఒకటే అని ఇంజను స్టార్ట్ చేశాను.

"ఆగు" అంది. "తాడు ఎటు కట్టి ఉంటే అటు పోవడమే గానీ, ఎటు పోవాలో నన్ను ఎవరూ అడగలేదు. నన్ను చెప్పనియ్."

ఇంజను ఆపేశాను. దిగింది. చీలిక దగ్గరికి నడిచి వెళ్లి, నడుం మీద చేతులు పెట్టుకుని, ఒకసారి అటు, ఒకసారి ఇటు చూసింది. కుడివైపు రోడ్డు మీద కొంచెం దూరం వెళ్లి, తిరిగి వచ్చింది. ఎడమవైపు వెళ్లి ఇంకాస్త ఎక్కువసేపు నిలబడింది. ఎదురొచ్చిన సైకిలాయనని ఏదో అడగబోయి మానేసింది. పావుగంట పట్టింది. తర్వాత వచ్చి సీట్లో కూర్చుని, చీర సర్దుకుని, తలుపు గట్టిగా వేసింది.

ఎడమవైపు అంది.

వెళ్తున్నాం.

మీ అత్త